తప్పు సైగ

నీలం నగర్ అంగన్వాడీలో పిల్లలంతా 'బాయీ' అని పిలిచే మా పాప టీచరు ఏ పిల్లనూ నిలబడి పలకరించేది కాదు. ఎదురుగా గొంతుక్కూర్చునేది.

నాలుగేళ్లొచ్చినా పాప అక్కడ నోరు విప్పలేదు. "మూగపిల్లలా ఉంది, వేరే బడికి పంపండి" అంది తనిఖీకి వచ్చిన మేడం. ఆ సాయంత్రం టీచరు మా ఇంటికి వచ్చింది. సాంచెల, అంటే మరమగ్గాల, మోతలో మేమంతా చేసైగలతోనే మాట్లాడుకోవడం చూసింది. వాకిట్లోకి వచ్చాక, "గిదా అక్కా సంగతి" అంది.

మర్నాడు పాపను నీళ్లు కావాలా అని సైగతో అడిగింది. తప్పుగా చేసింది. పాప విసుక్కుని, ఆమె వేళ్లు సరిచేస్తూ, "అట్ల కాదు బాయీ, ఇట్ల" అంది. పాప పేరు రిజిస్టరులో నిలిచింది.

మొన్న టీచరు చనిపోయినప్పుడు, ఆ సైగ ఆమెకు నిజంగా తెలియదా అని వాళ్లక్కను అడిగాను.

"తెల్వకపోవుడేంది బిడ్డా? మేం పుట్టి పెరిగిందే సాంచెల నడుమ."