పత్తి కట్టెల కింద బావి

నా పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఏప్రిల్ మొదట్లో, మహారాష్ట్రలోని నాందేడ్‌లో, భూజల శాఖలో సీనియర్ భూగర్భ శాస్త్రజ్ఞుడిగా ఉన్నప్పుడు నాకో ఆదేశం వచ్చింది. జిల్లాలోని ఒక పట్టణం తన చెత్తను పూడ్చడానికి ఊరవతల బీడు భూమి చూసుకుంది. ఆ భూమి కింద రాయి ఎలాంటిది, నీరు ఎంత లోతున ఉంది, ఎటు పారుతోంది, చుట్టూ ఎవరి బావులున్నాయి, ఇవన్నీ తేల్చి నివేదిక ఇవ్వాలి. ఆ పట్టణం పేరు గానీ పక్కనున్న వాడ పేరు గానీ రాయను. రాస్తే బాగుపడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

చెత్త స్థలానికి భూపరీక్ష అంటే పైన మట్టి చూసి తల ఊపడం అనుకుంటారు చాలామంది. పైన కనిపించేది నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బి చుక్క నీరు కిందికి పోనివ్వదు, ఏప్రిల్‌లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకుంటుంది. అందుకే ఒక్క కాలంలో చూసి తీర్పు చెప్పకూడదు. దాని కింద మొరం, మొరం కింద నల్లరాయి. ఆ రాయి ఒకనాటి లావా, పొర మీద పొర. రెండు పొరల నడుమ ఎర్ర బంకమట్టి, దాని మీద చిల్లులు చిల్లులుగా ఉండే గుల్లరాయి ఉంటుంది. మా ప్రాంతంలో నీళ్లు నిలిచేది, నడిచేది ఆ గుల్లరాయిలోనే. కుళ్లిన చెత్త నుంచి ఊరే నీరు అందులో పడిందా, దాన్ని ఆపేవాడు లేడు.

స్థలం మూలల్లో బోర్లు వేయించాం. ఒక్కో బోరులో నీటి మట్టం కొలిచి, వాటి ఎత్తులు పోల్చితే నీరు ఏ వైపు వాలి ఉందో తెలుస్తుంది. తూర్పుకు వాలింది. తూర్పున, ఒక చిన్న దిబ్బ దాటితే, తెలుగు మాట్లాడే రైతుల వాడ ఉంది. కాబట్టి ఆ వైపు బావులుంటే ఈ స్థలం పనికిరాదు. లేకపోతే కింద మందపాటి ప్లాస్టిక్ పరుపు పరిచి కట్టుకోవచ్చు. నిబంధన అంత సూటిగా ఉంది, నా ఉద్యోగంలో అంత సూటి నిబంధనలు నాకు ఎక్కువ తగల్లేదు.

బావుల లెక్క మా సర్వేయర్ జాదవ్ తీశాడు. మంచివాడే, పనిమంతుడే, కానీ పద్ధతి పాత పద్ధతి. శాఖ బోర్డున్న జీపు పంచాయతీ ముందు ఆపడం, ఊళ్లో సర్కారు మనిషిగా ఉండే పోలీస్ పాటీల్‌ను పిలిపించడం, కుర్చీలో కూర్చుని పేర్లు అడగడం. తూర్పు వాడలో ఒక్క బావి కూడా లేదని రాసుకొచ్చాడు. తాగునీళ్లు ఎక్కడివని అడిగితే, పంచాయతీ నల్లా అప్పుడప్పుడు వస్తుందని చెప్పారట. నేను నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏమీ కనిపించలేదు.

కారణం బోరులో కనిపించింది. తూర్పు మూల బోరులో నీటి మట్టాన్ని దానంతట అదే నమోదు చేసే యంత్రం దింపాం. దాని గీత చదునుగా ఉండాలి. అది రోజూ పొద్దున ఒక వేళకు కిందికి జారి, మధ్యాహ్నం దాటాక మెల్లగా లేచేది. మొదట యంత్రం చెడిందనుకున్నాను. తర్వాత వారం ఆ జారుడు పగలు మాని రాత్రికి మారింది. మా వైపు పొలాల మోటార్లకు కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇస్తారని తెలిసినవాడికి ఇక చెప్పాల్సింది లేదు. దగ్గర్లో ఎవరో కరెంటు వచ్చినప్పుడల్లా బావి తోడుతున్నారు. వాళ్లు తోడినప్పుడల్లా నా బోరులో నీరు తగ్గుతోంది. అంటే చెత్త స్థలానికీ ఆ బావికీ లోపల దారి ఉంది.

జీపు దూరంగా ఆపి నడిచి వెళ్లాను. దిబ్బ దాటగానే, చుట్టూ ఎండిన నేల నడుమ వంగ మడులు, పశువుల గడ్డి పచ్చగా ఉన్నాయి. వాటి పక్కన పత్తి కట్టెల కుప్ప, దానిపైన తుమ్మకంప. కట్టెలు వంటకు దాచుకునేవాళ్లు ఇంటి దగ్గర దాచుకుంటారు గానీ పొలం నడిమధ్యన గుండ్రంగా పేర్చుకోరు. కుప్ప అవతల నరికిన చెట్ల మొద్దులు వరసగా ఉన్నాయి.

గడ్డి కోస్తున్న ఆమె లేచి నిలబడింది. పేరు లస్మవ్వ అని చెప్పింది. భర్త పోయాక పొలం తానే చూసుకుంటోంది. నేను తెలుగులో పలకరించేసరికి ముఖం విప్పారింది.

"ఏ ఊరు సారూ మీది? ఎవలింటోళ్లు?"

కుండల్‌వాడి అని, మా నాయనది అక్కడ కిరాణా కొట్టు అని చెప్పాను. వాళ్ల పెద్దలు బజారుకు అక్కడికే పోయేవారట. నీళ్లు తెచ్చి ఇచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఈ నీళ్లు ఎక్కడివమ్మా అని అడిగాను. ఆ ఒక్క మాటతో ముఖం మూసుకుపోయింది.

"నల్లాయి."

"మరి ఈ మడులకు?"

"బాయి ఉండె సారూ, ఎన్నడో ఎండిపాయె. ఇప్పుడు దాంట్ల పాములున్నయ్. దగ్గరికి పోకుండ్రి."

తాగిన గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. నాకు కోపం రాలేదు గానీ నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఆమె చూపు దూరాన నిలబడ్డ జీపు మీద పడింది.

అప్పుడు దాపరికం లేకుండా చెప్పాను. ఈ దిబ్బ అవతల పట్టణం కచరా అంతా పోస్తారని, దాని కుళ్లు నీరు లోపల్లోపల ఇటే వస్తుందని, బావి ఉందని కొలిచి రాస్తేనే స్థలం మార్చమని నేను అడగగలనని. ఆమె శ్రద్ధగా విన్నది. విని, ఆ మొద్దుల వైపు చెయ్యి చూపింది.

"గవి బత్తాయి చెట్లు సారూ. మా ఆయన పెట్టిండు. కరువు ఏడు గిట్లనే జీబుల అచ్చిండ్రు, బాయిల నీళ్లెంత ఉన్నయని అడిగిండ్రు. ఉన్నది ఉన్నట్టు జెప్పినం. ఎనిమిది దినాలకు కాయితం అంటించి బాయి గుంజుకున్నరు. ఊరోళ్లు దూపకు సస్తున్నరు, వానలు వడ్డదాంకనే అన్నరు. ట్యాంకర్ల మీద ట్యాంకర్లు. చెట్లకు చెంబెడు నీళ్లు పోయనియ్యలే. కండ్ల ముంగట ఎండిపాయె. మా ఆయన గా చెట్ల కిందనే కూసుంటుండె."



ఆ సంగతి నాకు కొత్త కాదు. కరువు వచ్చినప్పుడు నీళ్లున్న ప్రైవేటు బావిని తహసీల్ వాళ్లు తాగునీటి కోసం స్వాధీనం చేసుకుంటారు. మరాఠ్వాడాలో అందరికీ తెలిసిన మాట, అధిగ్రహణ్. అందులో తప్పు కూడా లేదు, దప్పికతో ఉన్న ఊరికి నీళ్లు ఇవ్వాల్సిందే. కానీ ఎవరి బావిలో నీళ్లున్నాయో తహసీల్‌కు తెలిసేది మాలాంటి శాఖల లెక్కల నుంచే. అందుకే ఎండాకాలంలో జీపు కనిపిస్తే ఆ వాడలో బావులన్నీ ఎండిపోతాయి. లస్మవ్వది ఒక్కటే కాదు, ఆ వాడ పొలాల్లో ఉన్న ప్రతి కట్టెల కుప్ప కిందా ఒక బావి ఉందని తర్వాత తెలిసింది. పోలీస్ పాటీల్‌కు కూడా తెలుసు. ఆయన బావి మీదా కుప్ప ఉంది.

లస్మవ్వ ఒక్కటే అడిగింది. "రాసినంక గా కాయితం తాసిల్‌కు పోదని మీరు జమానత్ ఉంటరా?"

మా నివేదిక ప్రతి ఒకటి కలెక్టరాఫీసుకు వెళ్తుంది, అక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్తుంది. ఆ పూచీ నేను ఉండలేనమ్మా అన్నాను.

"మరింక ఏం మాట సారూ," అని కొడవలి తీసుకుని గడ్డి కోతకు కూర్చుంది.

కట్టెలు పక్కకు లాగి చూస్తే సరిపోయేది కదా అని ఈ కథ విన్నవాళ్లు అడుగుతారు. చూడొచ్చు, రాయలేను. బావి వివరాల కింద యజమాని సంతకమో వేలిముద్రో లేకపోతే ఆ బావి మా లెక్కలోకి రాదు. మర్నాడూ వెళ్లాను, ఆ తర్వాతి వారమూ వెళ్లాను. వాడలో నలుగురిని కూర్చోబెట్టి చెప్పాను. మంచినీళ్లు ఇచ్చారు, చాయ్ ఇచ్చారు, బావి మాత్రం ఇవ్వలేదు.

నివేదికలో బావుల పట్టిక తూర్పు వైపు ఖాళీగానే వెళ్లింది. దాని కింద యంత్రం గీతలు జతచేసి, దగ్గర్లో తోడుతున్న బావులు ఉన్నాయని, స్థలం మార్చాలని, లేదా కనీసం వానాకాలం దాటేదాకా చూడాలని రాశాను. సమీక్ష సమావేశంలో పట్టణం పెట్టుకున్న కన్సల్టెంట్ ఆ గీతలు యంత్రం లోపం కావచ్చన్నాడు. అయితే కరెంటు వంతు చూసి లోపం వేళ మార్చుకునే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదన్నాను. కొందరు నవ్వారు. మా పై అధికారి నవ్వలేదు. బావి కళ్లతో చూశారా అని మరాఠీలో అడిగాడు. కట్టెల కుప్ప చూశానన్నాను. కట్టెల కుప్ప కోసం పట్టణం చెత్త ఆపలేమన్నాడు. ఆ జవాబు వినడానికి బాగుంది, అందరూ సంతోషించారు. స్థలం ఆమోదం పొందింది.

ప్లాస్టిక్ పరుపు పరిచారు. నాకు తెలిసి పని మరీ నాసిగా ఏమీ చేయలేదు. కానీ కుళ్లు నీరు నిలవడానికి తవ్విన గుంట మొదటి పెద్ద వానకే పొంగి, పరుపు లేని మొరం మీదికి పారింది. మొరం నుంచి గుల్లరాయికి ఎంతో దూరం లేదు.

రెండో వానాకాలం దాటాక లస్మవ్వ మా ఆఫీసుకు వచ్చింది. షేర్ జీపు, దాని తర్వాత బస్సు పట్టుకుని, ఒళ్లో నూనె డబ్బా పెట్టుకుని నాందేడ్ దాకా వచ్చింది. మూత తీయగానే గదిలో వాసన పట్టింది. నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. గొడ్లు కూడా ముట్టడం లేదని చెప్పింది.

"నా బాయి నీళ్లు సారూ," అంది. నా ముందు ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. "గిప్పుడు రాసుకోండ్రి. ఏలుముద్ర ఏస్త."

నీళ్లు పరీక్షకు పంపాను. నమూనా చీటీలో బావి నంబరు రాయాలి. ఆ బావికి నంబరు లేదు. మున్సిపాలిటీకి, కలెక్టరాఫీసుకు ఉత్తరాలు రాశాను, నేనే వెళ్లి మాట్లాడాను. చెత్త వేయక ముందు ఆ నీరు బాగుండేదని రుజువు ఏదని అడిగారు. ఉండాల్సిన రుజువు, ముందస్తు నీటి పరీక్ష, బావుల పట్టికలో ఖాళీగా వదిలిన ఆ వరసలో ఉండాలి. ఆ నీళ్లు ఎంత తియ్యగా ఉండేవో నాకు తెలుసు, తాగాను. నా నాలుక సాక్ష్యానికి పనికిరాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వాడ బావులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. ఇప్పుడు కట్టెల కుప్పలు లేవు, దాచాల్సిందేమీ లేదు. వాళ్లకు ట్యాంకరు నీళ్లు వస్తాయి. ఆ ట్యాంకరు నింపేది ఎగువనున్న పక్క ఊళ్లో అధిగ్రహణ్ చేసిన బావి దగ్గర. కిందటేడు ఎండాకాలంలో వేరే పని మీద ఆ ఊరి మీదుగా వెళ్లాను. పొలాల నడుమ కొత్త పత్తి కట్టెల కుప్పలు పేర్చి ఉన్నాయి.

మా వృత్తిలోకి వచ్చే పిల్లలు బోరు, రాయి, నీటి వాలు బాగా నేర్చుకుంటున్నారు. వాటికి తోడు నేను చెప్పగలిగింది ఇంతే. బావుల లెక్క ఇంకే ఆఫీసుకూ పోదని రాతపూర్వకంగా హామీ తెచ్చుకున్నాకే ఊళ్లోకి వెళ్లండి. ఆ హామీ దొరకకపోతే, పట్టికలో 'బావులు లేవు' అని రాయకండి. 'చెప్పలేదు' అని రాయండి.