గురమ్మ హస్తవాసి

భోగాపురం దిగువన సముద్రం ఒడ్డు పల్లెలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మొదట వినబడే పేరు గురమ్మది. పరగడుపున మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు చుట్టూ ఆముదం రాసి, నాడి ఎక్కడ కొట్టుకుంటోందో వేళ్లతో వెతికేది. బొడ్డు కింద కొట్టుకుంటే మంచిదే. పక్కకి కొట్టుకుంటే బొడ్డు జారినట్టు. అప్పుడు బొటనవేళ్లతో గట్టిగా నొక్కి నాడిని దాని చోటుకి తోసేది. హస్తవాసి మంచిదని గజపతినగరం నుంచి కూడా వచ్చేవారు. చేపల గంప మోసి బతికే ఆడదానికి అంత మర్యాద దొరకడం మాటలా? ఆ మర్యాదంటే ఆమెకీ ప్రాణమే.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆమె మొగుడు అసిరయ్యకే కడుపులో నాడి ఎడంపక్కకి గడ్డలా కొట్టుకోవడం మొదలెట్టింది. వల లాగితే నడుం పట్టేసేది. గురమ్మ ఎన్నిసార్లు సర్దినా అది చోటుకి రాలేదు. చివరికి రోషం చంపుకుని, తనే పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ నారాయణమూర్తి అనే డాక్టరు, కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బే జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. అసిరయ్య కడుపు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. అంత పెద్ద ఉబ్బు ఆయనకి అంతవరకూ దొరకలేదట. కోసి బాగుచెయ్యడం తమ వల్ల కాదు గాని, నెలనెలా వచ్చి చూపించుకోమన్నాడు. ఏమైనా జరిగితే ఇంట్లోవాళ్లు వెంటనే కబురు పెట్టాలని అసిరయ్య చేత మాట కూడా తీసుకున్నాడు. ఎక్సరేలు తీశారు, టేపు పెట్టి కొలిచారు, కుర్రడాక్టర్లు వరసకట్టి చూసిపోయారు. గురమ్మ వరండాలో కూర్చునేది. ఏడాది పొడుగునా ఆమెని లోపలికి పిలిచి ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు ఒక్కడూ. అంత చదువూ ఎందుకు, తగలెట్టుకోడానికా?

"ఏటన్నారు మావా?" అని అడిగితే, "బరువులెత్తొద్దన్నారు. బాగానే సూత్తన్నార్లే," అనేవాడు అసిరయ్య. అంతమంది చూస్తున్నారంటే, కొయ్యకుండానే ఎలాగో నయం చేస్తారని ఇద్దరూ నమ్మారు. ఒక్కటే గురమ్మకి మింగుడుపడలేదు. ఆసుపత్రికి పోయిన దగ్గర్నుంచీ అసిరయ్య ఆమె చేత బొడ్డు సర్దించుకోవడం మానేశాడు. ఆముదం గిన్నె తెస్తే టీ తాగేశాననో, వల ఆరబెట్టాలనో తప్పుకునేవాడు. నా చెయ్యి ఈయనకి చేదయిపోయిందని ఆమె లోలోపల ఉడికిపోయేది.

ఒకనాడు పొద్దున రాజాం నుంచి ఇద్దరు ఆడవాళ్లు బొడ్డు సర్దించుకోడానికి వచ్చారు. అసిరయ్య నడుం పట్టుకుని గోడకి చేరబడి ఉన్నాడు.

"మీ ఇంటాయనకే తగ్గనేదేటమ్మా?" అంది వాళ్లలో పెద్దది.

గురమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ మొహం చూశాడు అసిరయ్య. "పరగడుపునే ఉన్నాను. రాయే, సర్దు," అని చాప మీద పడుకున్నాడు.

ఆమె సంతోషం పట్టలేక, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. మధ్యాహ్నానికి అతని మొహం పాలిపోయింది. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

డాక్టరుకి మాట ఇచ్చానని అసిరయ్య చెప్పి ఉన్నాడు కదా, గురమ్మ కబురు పెట్టించింది. మర్నాడు పొద్దున్నే డాక్టరు జీపులో వచ్చాడు. శవం కడుపు తడిమి చూసి, "నిన్న ఈ గడ్డ మీద ఎవరైనా నొక్కారా?" అనడిగాడు.

"నొక్కితే ఏటవుతాది బాబూ?" అంది గురమ్మ.

"చిట్లిపోతుంది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వొద్దని మొదటి రోజే చెప్పాను. ఆ మాట ఇంట్లో చెప్పలేనన్నాడు. మొగుడే వద్దంటే ఇక నీ దగ్గరకి ఎవరొస్తారని."

గురమ్మ తన చేతుల వంక చూసుకుంది. నిన్నటి ఆముదం జిడ్డు ఇంకా పోలేదు.

"మావ సెప్పలేడని నీకు తెలుసు. నాను ఆ వరండాలోనే కూకున్నాను గదా. నువ్వెందుకు సెప్పనేదు?"

 శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి కడుపు కోసి చూడనిస్తే ఇలాంటి రోగులకి ముందుముందు పనికొస్తుందన్నాడు డాక్టరు.

"తీసుకుపో," అంది గురమ్మ. "కోసి సూడు. నా సేతి యేళ్లు ఎక్కడ దిగాయో అదీ రాసుకో. నీకు తెలిసీ నాకు సెప్పనేదని, అది కూడా రాసుకో."