అత్తగారి మంచం కింద పాన్సీలు

ఆవిడ కారు నడపడం నేర్పే మాస్టరమ్మ. కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది. నేర్చుకునేవాళ్లు గోడ మీదకి పోనిచ్చినా గొంతు పెంచదు. "పర్లేదండీ, గోడ ఎక్కడికీ పోదు, మనమే వెనక్కొద్దాం" అంటుంది. ఓర్పంతా కారులోనే ఖర్చయిపోతుందో ఏమో, ఇంటికొచ్చేసరికి చుక్క మిగలదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడమన్నా ఆవిడ వల్ల కాదు.

అలాంటి మనిషికి పాన్సీ పూల పిచ్చి పట్టుకుంది. ఆవిడ దగ్గర కారు నేర్చుకున్న నర్సమ్మ ఒకావిడ, లైసెన్సు వచ్చిన సంతోషంలో ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చింది. కిటికీ దగ్గర కుండీల నిండా ఊదా, పసుపు, తెలుపు పూలు. ప్రతి పువ్వు మధ్యలోనూ నల్లటి మచ్చలు, సన్నటి గీతలు, చిన్న చిన్న మొహాల్లా.

"ఇవేంటండీ, నన్నే చూస్తున్నాయి!" అంది మాస్టరమ్మ.

నర్సమ్మ నవ్వి గుప్పెడు విత్తనాలు పొట్లం కట్టిచ్చింది. "చలి మొదలవగానే చల్లండి. మొలకెత్తేదాకా వీటికి చీకటి కావాలి. చల్లగా ఉండాలి, మట్టి ఆరకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వాటి మానాన వాటిని వదిలెయ్యాలి."

ఆ చివరి మాటే మాస్టరమ్మ చెవికెక్కలేదు. ట్రేలో మట్టి పోసి, విత్తనాలు చల్లి, పైన అట్టముక్క కప్పి వంటింటి అరమీద పెట్టింది. ఇక పొద్దున లేస్తే అట్ట ఎత్తడమే, పడుకోబోతే అట్ట ఎత్తడమే. కళ్లజోళ్ల షాపులో పనిచేసే మొగుడు, "అది ట్రేనా, టీవీనా?" అన్నా వినలేదు. పొయ్యి సెగకి మట్టి ఎండితే గాభరాపడి చెంబెడు నీళ్లు కుమ్మరించింది. విత్తనాలన్నీ ఓ మూలకి కొట్టుకుపోయి కుళ్లిపోయాయి.

ఇదంతా కుర్చీలోంచి చూస్తున్న అత్తగారు ఇక పట్టలేకపోయింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, చేతిలో కర్ర, మాట మాత్రం మహా పదును.

"పొత్తిళ్లలో పిల్లని గంటకోసారి లేపి చూస్తే పెరుగుతుందా అమ్మాయ్? పొట్లంలో ఇంకా ఉన్నాయా? మళ్లీ చల్లి నా మంచం కింద పెట్టు. ఇంట్లో ఎండ పడని గది నాదొక్కటేగా."

అలా రెండో విడత అత్తగారి మంచం కిందికి చేరింది. చీకటి దొరికింది, చల్లదనం దొరికింది, కాపలా కూడా దొరికింది. నీళ్లు చిలకరించే పని కొడుకుది. కోడలికి మాత్రం గుమ్మం దగ్గరే చుక్కెదురు.

"ఏం పనమ్మా ఇక్కడ?"

"దుప్పటి మడత పెడదామనీ..."

"పెళ్లయినప్పట్నుంచీ పెట్టని మడత ఇవాళే గుర్తొచ్చిందా? పో, పో."

మాస్టరమ్మ ఉడుక్కుంది. మొగుడితో చెప్పుకుంటే, "నన్ను లాగకు, నేను నీళ్లవాణ్ణి" అని తప్పుకున్నాడు.

ఒక పొద్దున అత్తగారే కేక పెట్టింది. "అమ్మాయ్! వచ్చేశాయే!" మాస్టరమ్మ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తింది. నేల మీద బోర్లా పడుకుని ట్రే లాగి చూస్తే, మట్టిని తోసుకుని సూది మొనల్లాంటి పచ్చటి మొలకలు! నురగ నోటితో ఏదో అంది, ఎవరికీ అర్థం కాలేదు. అత్తగారికి మాత్రం అర్థమైనట్టే ఉంది, తల నిమిరింది.

ఆ రోజే ట్రేని వెలుతురు పడే కిటికీ దగ్గరికి మార్చారు. నాలుగైదు ఆకులేశాక పెరట్లో గోడ వెంట నాటారు. మొగ్గలు విచ్చాక అసలు సరదా మొదలైంది. అత్తగారు కుర్చీ పెరట్లోకి వేయించుకుని, ఏ పువ్వు ఏ చుట్టానిదో తేల్చడం మొదలెట్టింది. బూరెబుగ్గల తెల్లపువ్వు చిన్నమావయ్య. మీసాలున్న ఊదాపువ్వు ఆవిడ సొంత మేనత్త. నుదురు ముడిచి మూతి బిగించిన పసుపుపువ్వు ఆవిడ పెద్దకూతురు, అంటే మాస్టరమ్మకి వదినగారు.

వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచేస్తేనే కొత్తవి పూస్తాయి. ఓ ఆదివారం ఇద్దరూ ఆ పనిలోనే ఉన్నారు.

"పెద్దది వాడిపోయిందే. ఇంకెందుకు, తల తుంచి పారెయ్!" అంది అత్తగారు.

"తుంచేస్తా ఉండండత్తయ్యా. వదిన పోతేగానీ కొత్తవాటికి చోటుండదు."

వెనక గేటు చప్పుడైంది. చేతిలో పళ్ల సంచీతో, కళ్లలో నీళ్లతో వదినగారు. "వినకూడదనుకున్నాను, వినేశాను. కన్నతల్లివి, నువ్వు కూడానా అమ్మా!"

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. మాస్టరమ్మ తేరుకుని, వదినని చెయ్యి పట్టి లాక్కెళ్లి పసుపుపువ్వుల ముందు నిలబెట్టి, అసలు సంగతి చెప్పింది. వదినగారు వంగి చూసింది. నుదురు ముడిచింది, మూతి బిగించింది.

"నా మొహం ఇలా ఉంటుందా?"

తల్లి పడీపడీ నవ్వింది. మాస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వదినగారు ఇంకాసేపు బిగదీసుకునే నిలబడి, తమ్ముడు తెచ్చిచ్చిన అద్దంలో ఓసారి చూసుకుని, తనూ ఫక్కుమంది. వెళ్లేటప్పుడు ఆ మొక్కే కావాలని పట్టుబట్టి, వేళ్లకి మట్టితో సహా తవ్వించుకుపోయింది.

ఎండలు ముదరగానే మొక్కలు ఒక్కొక్కటే తలవాల్చాయి. కాయలు పగిలి విత్తనాలు చెదిరిపోకముందే ఏరుకోవాలని అత్తాకోడళ్లు పొద్దున్నే పెరటి మెట్ల మీద కూర్చునేవారు. అప్పటిదాకా వాళ్లిద్దరి మధ్య నడిచేవి మందుల మాటలూ కూరల మాటలే. కాయలు ఏరుతూ ఏరుతూ అత్తగారు తన చిన్నతనం చెప్పడం మొదలెట్టింది. ఒక కథకి ఇంకో కథ తగులుకునేది. ఎండ మెట్లెక్కి కాళ్ల మీదికి వచ్చాకగానీ ఇద్దరూ లేచేవారు కాదు.