మాట వెంట నడిచే లీలక్క

మా లీలక్కకు ఏ కబురు చెప్పినా, ఆ కబురు సంగతి తర్వాత చూస్తుంది. ముందు "మీకెవరు చెప్పారు?" అని అడుగుతుంది. వానొస్తదన్నా అదే ప్రశ్న, పెళ్లి కుదిరిందన్నా అదే ప్రశ్న. కోదాడ బస్టాండులో "ఖమ్మం బస్సు ఆలస్యం" అని మైకులో చెబితే, మైకు గదిదాకా నడిచి వెళ్లి, లోపల మాట్లాడినాయన్ని అడిగొచ్చిన మనిషి ఆమె. ఈలోపు ఆ బస్సు వచ్చి వెళ్లిపోయింది కూడా.

అసలు పేరు లీలావతి. వాళ్ల నాయనమ్మ పేరు. కోదాడ పిల్ల. ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసి హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో కొత్తగా చేరింది. ఊళ్లో ఒకరి మాట ఇంకొకరికి ఎట్లా చేరుతుంది, చేరినవాళ్లకు ఏం మేలు జరుగుతుంది, చేరనివాళ్లు ఏమైపోతారు, ఇదీ ఆమె పరిశోధన. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడగడానికి, డిగ్రీ అయిపోయి సూర్యాపేటలో ఖాళీగా ఉన్న నన్ను పెట్టుకుంది. నా పేరు నవ్య.

"ఆర్థికశాస్త్రమంటే పైసల చదువు కదక్కా? మనమేంది, ముచ్చట్ల వెంట పడ్డం?" అని మొదటిరోజే అడిగాను.

"ముచ్చట ముందు వెళ్తుంది నవ్యా. పైసలు దాని వెనకాల వస్తాయి," అని ఆటోలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

అట్లా ఉండిపోవడం కూడా ఆమెకు అలవాటే. నేరేడుచర్ల దారిలో పొద్దున్నే పొలాల మీద పలచగా పొగమంచు ఉండేది. రైస్ మిల్లుల పక్కన ఊక గాల్లోకి లేచి, ఎక్కడ దిగాలో ఇంకా అనుకోనట్టు తేలుతూ ఉండేది. లీలక్క కళ్లు సగం మూసుకుని చూసేది. "ఇళ్ల మధ్య దారాలు కనిపిస్తున్నాయి నవ్యా. ఆ నీలం తలుపు నుంచి ఈ రేకుల ఇంటికి ఒకటి. చూడు, ఎట్లా ఊగుతుందో!" నాకైతే కరెంటు తీగ కనిపించేది, దాని మీద ఒక కాకి.

ఈ కలల్లో ఉండగానే మేం దిగాల్సిన ఊరు వచ్చేసేది. షేర్ ఆటో ఈదయ్య బండి ఆపి, "మేడం, మీ ఊరొచ్చింది," అనేవాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్పుడేంది మేడం? డ్రైవర్ను నేనే!"

మంగయ్య సంగతి చెప్పకపోతే లీలక్క గురించి చెప్పినట్టే కాదు. ఒకసారి మిర్యాలగూడలో టీ తాగుతున్నాం. పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఏమైందని అడిగాను.

"మా మంగయ్య పోయిండు బిడ్డా."

నేను అయ్యో అన్నాను. లీలక్క గ్లాసు కింద పెట్టింది. "మీకెవరు చెప్పారు?"

"బీరన్న చెప్పిండు."

ఇక ఆగుతుందా! ఆయన్ని వెంటబెట్టుకుని బీరన్న దగ్గరికి నడిచాం. బీరన్న అప్పటికే బంతిపూల దండ కొని చేత్తో పట్టుకున్నాడు. ఆయనకు సాలి చెప్పిందట. దండతో సహా బీరన్న కూడా మాతో బయల్దేరాడు. సాలికి ఎవరు చెప్పారంటే, సాక్షాత్తూ మంగయ్య ఇంటామే. సాలి కూడా ముక్కు చీదుకుంటూ వెంట నడిచింది. అందరం కలిసి మంగయ్య ఇంటికి వెళ్లేసరికి, ఆయన భార్య వాకిట్లో కూచుని ఎల్లిపాయలు ఒలుస్తోంది.

"అవును, పొద్దుగాల్నే పోయిండు," అంది మా మొహాలు చూసి కంగారుపడుతూ. "సూర్యాపేటకు. మాపటికి వస్తనన్నడు. ఏమైంది?"

పూలు వాడిపోతాయని, సాయంత్రం బస్సు దిగిన మంగయ్య మెడలోనే ఆ దండ వేశారు. ఎందుకు వేశారో పాపం ఆయనకు ఇప్పటికీ తెలియదు. "మీరంటే గౌరవం" అన్నారట.

మేం ఏడాదిపాటు తిరిగింది నేరేడుచర్ల దగ్గర ఒక ఊరు. ఏదన్నా కొత్త సంగతి తెలిస్తే ముందు ఎవరికి చెప్తారని ఇల్లిల్లూ అడిగాం. ఒక్కో మనిషికి ఒక చుక్క, చెప్పుకునేవాళ్ల మధ్య ఒక గీత. కాగితం నిండా గీతలు అల్లుకుని సాలెగూడులాగ అందంగా వచ్చింది. ఒక మూలన మాత్రం ఏ గీతా లేని చుక్క ఒకటి మిగిలింది.

ఆ చుక్క పేరు కాటమ్మ. ఏళ్లతరబడి ఏదో మిల్లులో మిషన్ల పక్కన పనిచేసి చెవులు మందగించాయి. ఆమెతో మాట్లాడాలంటే అరవాలి, ఆమె జవాబు కూడా అరిచినట్టే ఉంటుంది. ఆమెకు ఒక రహస్యం చెబితే పక్క వీధికీ చెప్పినట్టే. అందుకని మెల్లమెల్లగా అందరూ చెప్పడం మానేశారు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ఓపిక లేదు, అంతే. ఆ వానాకాలం పశువుల డాక్టర్ ఊళ్లోకి వచ్చి ఇంజక్షన్లు వేసి వెళ్లాడు. కాటమ్మ బర్రెకు పడలేదు. అది రోగమొచ్చి చచ్చిపోయింది.

"డాక్టర్ వచ్చిండని నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా," అంది కాటమ్మ, ఖాళీ పాక చూపిస్తూ.

ఆ రోజు తిరుగు ఆటోలో లీలక్క ఆ కాగితం తీసి, గీతలేని చుక్కనే చూస్తూ కూచుంది.

ఆ తర్వాత ఊరికి వెళ్లిన ప్రతిసారీ లీలక్క నన్ను ఇళ్లకు పంపి, తను ముందు కాటమ్మ ఇంటికి వెళ్లేది. బర్రె పోయినా, కొన్న పాలు తోడేసి కాటమ్మ పోసే మజ్జిగ కోసమేమో అనుకున్నాను. ఇంకో వింత కూడా గమనించాను. రైతు గోపాల్ వచ్చి, "మేడం, కాలువకు నీళ్లు ఎన్నడిడుస్తరు?" అని అడిగితే, "నాకేం తెలుసండీ? కాటమ్మగారికి తెలుసంట, అడగండి," అనేది. పశువుల డాక్టరైనా, కళ్ల శిబిరమైనా అదే జవాబు.

అడగడానికి వెళ్లినవాళ్లు ఊరికే తిరిగి రాలేదు. కాటమ్మ సంగతి చెప్పి, మజ్జిగ పోసి, "నీ కోడలుకు నయమైందా?" అని అరిచి అడిగేది. వాళ్లూ అరిచి చెప్పేవాళ్లు.

ఇంతలో హైదరాబాదు నుంచి లీలక్క సంస్థ పెద్దసారు ఆ ఊరికి వచ్చాడు. లీలక్క త్వరలో ఢిల్లీ సదస్సులో ఈ పరిశోధన పత్రం చదవాలి. దాన్నిబట్టే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. కొత్తగా గీసిన బొమ్మ చూసి సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒంటరి చుక్క చుట్టూ ఇప్పుడు ఊరంతటి గీతలు.

ఆయనే వీధిలోకి దిగి విచారించాడు. ఎవరిని అడిగినా కాటమ్మ చెప్పిందనే అన్నారు. చివరికి కాటమ్మ ఇంటికి వెళ్లి, ఆమె పోసిన మజ్జిగ తాగి, గొంతు పెంచి, "నీకెవరు చెబుతున్నారమ్మా ఇవన్నీ?" అన్నాడు.

"గీ పిల్లనే!" అంది కాటమ్మ, ఊరంతా వినేలా. "ఆఫీసులల్ల అడిగొచ్చి నా చెవిల నోరు వెట్టి చెప్తది. తన పేరు ఎవ్వలకు చెప్పొద్దన్నది!"

లీలక్క నేల చూసింది. నేను నోరు తెరిచి లీలక్కను చూశాను.

"లీలావతీ, మన పని ఊరిని చూడటం. మార్చడం కాదు," అన్నాడు సారు.

"తెలుసు సార్."

"ఈ ఊరి లెక్కలేవీ ఇక పనికిరావు. మళ్లీ మొదటినుంచి ఇంకో ఊళ్లో చెయ్యాలి. ఈసారికి ఢిల్లీ లేదు."

"తెలుసు సార్."

"తెలిసీ ఎందుకు చేశావు?"

"కాగితం మీదైతే చుక్క సార్. ఎదురుగా కూచుంటే మనిషి కదా. చూస్తూ ఉండలేకపోయాను."

సారు వెళ్లి కాటమ్మ అరుగు మీద కూర్చున్నాడు. "ఆ మజ్జిగ ఇంకా ఉందేమో అడుగు," అన్నాడు.

ఇన్నాళ్లూ లీలక్క ప్రతి మాట వెనకా ఎందుకు పరుగెత్తేదో నాకప్పుడు అర్థమైంది. ఆ మాట దారిలో ఎవరిని వదిలేసి వచ్చిందో చూసుకోవడానికి.

మేళ్లచెరువు వైపు కొత్త ఊరికి మారేముందు, చెప్పి వద్దామని కాటమ్మ ఇంటికి వెళ్లాం. అరుగు నిండా జనం. ఎవరి బిడ్డకో సంబంధం వచ్చింది, ఇంకెవరికో అత్తతో పడటం లేదు, అందరూ ఒకేసారి కేకలు వేసి చెబుతున్నారు. లీలక్కను చూసి కాటమ్మ చెయ్యెత్తింది.

"జర ఆగు బిడ్డా! పనిల ఉన్న!"

లీలక్క మొహం దీపంలా వెలిగింది. చెప్పులు విడిచి, అందరి వెనకా అరుగు చివర సర్దుకుని కూర్చుంది, తన వంతు కోసం. ఎదురుగా పొలాల మీద ఎండ మెల్లగా పచ్చబడుతోంది. ఒక ఆటో వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. మేం కదలలేదు.