తల్లులను అడగని సమావేశం

కంకిపాడు అవతల ఓ ఊళ్లో నేను ఏళ్ల తరబడి నర్సుగా పనిచేశాను. ఒక ఏడు, బడిలో చదివే ఆడపిల్లలకు పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా టీకా వెయ్యాలన్నారు. ముందుగా ఊరివాళ్లతో మాట్లాడమన్నారు.

సమావేశం బడిలో పెట్టాం. హెడ్మాస్టరు గారు, సర్పంచి గారు, పాస్టరు గారు, విజయవాడ నుంచి డాక్టరు గారు వచ్చారు. టీ తాగి తేదీ ఖాయం చేశారు, ఒప్పుకోలు కాగితాలు పిల్లల చేతే ఇళ్లకు పంపారు. నాట్ల రోజులు కావడంతో తల్లులంతా పొలాల్లో ఉన్నారు. ఆ సంగతి తెలిసి కూడా ‘తల్లిదండ్రులతో చర్చించడమైనది’ అని రిజిస్టరులో రాసింది నేనే.

టీకా రోజున వరుసలో అందరికంటే ముందున్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సూది చూస్తూనే కళ్లు తిరిగి పడిపోయింది. కాసేపటికి లేచి కూర్చుంది. ఈలోపే ఆ కబురు పొలానికి చేరింది. చేరేసరికి పిల్ల చచ్చిపోయిందన్న మాటగా మారిపోయింది. మోకాళ్లదాకా బురదతో ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆ పిల్ల తల్లి కూతుర్ని పొదువుకుని నా వంక చూసింది.

“బడి కాగితమనుకుని వేలిముద్ర వేశానండీ. దీనికని ఎవరు చెప్పారు? నా కాన్పప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చుంది మీరే కదా. ఒక్క మాట అడగలేకపోయారా?”

“పెద్దవాళ్లు నిర్ణయించారమ్మా,” అన్నాను.

“పిల్లలు మావాళ్లు కదండీ!”

ఆ రోజు ఒక్కరూ టీకా వేయించుకోలేదు.

మర్నాడు డాక్టరు గారికి ఫోన్ చేసి, నేను రాసింది అబద్ధమని చెప్పేశాను. ఆయన “సరే, ఈసారి వాళ్లనే అడిగి తేదీ చెప్పండి,” అన్నారు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునే వేళకు పొలం గట్టుకు వెళ్లాను. పిల్లలు పుట్టకుండా చేసే సూదట కదా అని ఒకామె అడిగింది. కాదన్నాను. చెయ్యి వాచి జ్వరమొస్తే మేం పొలంలో ఉంటాం, ఎవరు చూస్తారని మరొకామె అంది. అందరికంటే పెద్దావిడ మాత్రం అన్నం ముద్ద గిన్నెలోనే వదిలేసి, “మా అక్క ఈ జబ్బుతోనే పోయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు,” అంది.

నాట్లయ్యాక, ఒక శనివారం వెయ్యమని వాళ్లే చెప్పారు. మర్నాడు ఆదివారం, ఇళ్ల దగ్గరే ఉంటారు. ఆ శనివారం సగం మందికి పైగా వచ్చారు. కళ్లు తిరిగిన పిల్ల తల్లి కూడా వచ్చి ఏడుస్తున్న పిల్లల్ని సముదాయించింది. తన కూతుర్ని మాత్రం తీసుకురాలేదు.

“టీకా మంచిదేనని అర్థమైందండీ. మీ మీదే ఇంకా నమ్మకం కుదరట్లేదు,” అంది, నెమ్మదిగానే.

తర్వాత రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మజ్జిగిచ్చింది, చూద్దాంలెండి అంది. ఆ వేసవిలో నన్ను గుణదలకు బదిలీ చేశారు. ఆ పిల్లకు టీకా పడిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.