ఆరు గంటల తిట్లు

వెర్నా స్టోక్లీకి మనుషులంటే పడదు. ఈ సంగతి ఆమె దాచుకోలేదు సరికదా, తలుపు మీద రాసి పెట్టుకుంది కూడా: "అమ్మేవాళ్ళూ, ప్రార్థనలు చేయించేవాళ్ళూ, ఊరికే పలకరించేవాళ్ళూ అటునుంచి అటే పొండి." ఆరిజోనా ఎడారిలో బిట్టర్ వెల్స్ అనే ఊరికి ఆరు మైళ్ళ అవతల, రాళ్ళూ ముళ్ళకంపలూ తప్ప ఏమీ మొలవని రెండెకరాల చెక్కలో, పదకొండేళ్ళుగా ఆర్వీ అనే ఒక పాత ఇంటిబండిలో కాపురం ఉంటోంది. ఆ బండి ఇంజను తిరిగి ఎనిమిదేళ్ళయింది. చక్రాల కింద ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. ఎందుకు బాగుచేయించవని ఎవరైనా అడిగితే, "ఇల్లు ఎక్కడికైనా పోతుందా?" అంటుంది.

అంతకుముందు ఒహాయోలో ఒక హోటల్లో బట్టలుతికే గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అన్నేళ్ళు పరాయివాళ్ళ దుప్పట్లు ఉతికిన మనిషికి లోకం మీద గౌరవం మిగలడం కష్టం. పని మానేశాక వచ్చే పింఛను అద్దెకే చాలేది కాదు. ఇంటి యజమాని మూడోసారి అద్దె పెంచినప్పుడు తాళాలు ఆయన బల్ల మీద విసిరేసి, ఈ బండి కొనుక్కుని వచ్చేసింది. ఇక జన్మలో ఎవరి దగ్గరా చేయి చాచనని, ఎవరూ తన మీద జాలిపడే అవకాశం ఇవ్వనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టొక్కటే ఆమెకున్న ఆస్తి. మిగిలిందంతా తుప్పు.

మా ఎడారిలో ఎక్కువమంది చలికాలం పక్షులు. అక్టోబరులో వచ్చి వాలతారు. బస్సంత బండి, దాని వెనక తగిలించిన కారు, కారులో రెండు కుక్కలు, కుక్కలకు స్వెటర్లు. సాయంత్రాలు కుర్చీలు వేసుకుని పడమటి దిక్కు చూస్తూ, జీవితమంటే ఇదీ అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఏప్రిల్లో ఎండ కాస్త చురుక్కుమనగానే ఆ జీవితాన్ని అక్కడే వదిలి తోక ముడుస్తారు. వేసవిలో కూడా ఉండేవాళ్ళు అప్పటికి తొమ్మిది మంది. వాళ్ళలో ఆరుగుర్ని వెర్నా మనుషుల్లో లెక్కవేయదు.

మూడేళ్ళ కిందట హార్లన్ అనే ముసలాయన ఆగస్టు నెలలో తన బండిలోనే పోతే, నాలుగు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. అప్పట్నుంచి వేసవి జనం ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున ఏడు లోపల బండి పక్క అద్దానికి ఎర్రగుడ్డ కట్టాలి, చీకటి పడ్డాక విప్పాలి. గుడ్డ కనబడకపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళి తలుపు కొడతారు. ఊళ్ళో నీళ్ళు పట్టుకునే చోటూ బట్టలుతికే మిషన్లూ నడిపే డీలియా, అందరికీ తనే గుడ్డలు చింపి పంచింది. వెర్నా తనకిచ్చిన ముక్కతో పొయ్యి తుడుచుకుంది.

"నేనింకా బతికున్నానని రోజూ జెండా ఎగరేయాలా నేను?" అని అడిగింది డీలియాని.

"నీ కోసం కాదులే, మా కోసం. హార్లన్‌ని నాలుగో రోజున మోసింది మేమేగా."

"నన్ను మోయొద్దు. బండితో సహా తగలబెట్టెయ్యండి."

డీలియా ఆమెను పదకొండేళ్ళుగా ఎరుగును కాబట్టి తన పని చూసుకుంది.

అలాంటి వెర్నా పక్కకి వచ్చి పడ్డాడు లయల్ ప్రూయిట్. ఇండియానాలో తివాచీల కొట్లో అమ్మకాలు చేసేవాడు. అరవై రెండేళ్ళవాడు, భార్యతో తెగతెంపులయ్యాయి, కొట్టు మూతపడింది. ఎడారిలో ఆర్వీలో ఉంటే పైసా ఖర్చు లేకుండా రాజాలా బతకొచ్చని ఎవడో ఫోన్లో చూపించిన వీడియోలు నమ్మి, ఫిబ్రవరిలో తీసిన ఫోటోలు చూసి వెర్నా పక్కనున్న రెండెకరాలు కొన్నాడు. దిగింది మాత్రం మే నెలలో. బుద్ధున్న పాము కూడా మేలో మా ఊరికి రాదు.

బండిని ఎక్కడ నిలిపాడనుకున్నారు, వాగులో. చదునుగా, మెత్తటి ఇసకతో, రెండు చెట్ల నీడతో ఉంది కదా, దేవుడు తన కోసమే పరిచి ఉంచాడనుకున్నాడు. వెర్నా కిటికీలోంచి కాఫీ తాగుతూ అంతా చూసింది. అతను తివాచీ పరిచేదాకా ఆగింది. కుర్చీలు వేసేదాకా ఆగింది. పిట్టలకు చక్కెరనీళ్ళ సీసా వేలాడదీసి, వెనక్కి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోయేదాకా ఆగి, అప్పుడు వెళ్ళింది.

"ఏమయ్యా, ఈత వచ్చా నీకు?"

"కొద్దిగా వచ్చండీ. ఎందుకూ?"

"నువ్వు కాపురం పెట్టింది వాగులో. జులైలో వానొస్తే నీ తివాచీ మెక్సికో పోతుంది. వెంట ఈదుకుంటూ నువ్వూ పోదువుగాని."

లయల్ ఆ ఎండలో మళ్ళీ అన్నీ సర్ది, బండిని గట్టు మీదికి తెచ్చుకున్నాడు. గట్టెక్కాక ఇంకా ప్రాణం మీదికి తెచ్చాడు ఆమెకి. పొద్దున్నే ఆరు కొట్టగానే కాఫీ కాచుకోవడానికి జనరేటర్ వేసేవాడు. ఎడారిలో ఆ వేళకి ఈగ వాలినా వినబడుతుంది. వెర్నా కిటికీ తోసి అరిచేది.

"ఆ దయ్యం నోరు ముయ్యి. కాఫీ తాగడానికి కరెంటు కావాలా నీకు? అగ్గిపుల్ల గీయడం మీ అమ్మ నేర్పలేదా?"

"గుడ్ మార్నింగ్ వెర్నా గారూ," అని ఆపేసేవాడు. మర్నాడు ఆరింటికి మళ్ళీ వేసేవాడు. కోపం రాని మనిషిని తిట్టడమంత విసుగు ఇంకోటి లేదు. అయినా ఆమె ఒక్కరోజు కూడా మానలేదు.

జూన్లో బండి పైకప్పు మీద కూలర్ బిగించుకున్నాడు. నీళ్ళతో నడిచేది, మా ఎడారిలో బీదవాళ్ళందరికీ అదే దిక్కు. బిగించుకుని, చల్లదనం బయటికి పోతుందేమోనని కిటికీలన్నీ గట్టిగా మూశాడు. సాయంత్రానికి లోపలున్న అట్టపెట్టెలు మెత్తబడ్డాయి, మనిషి కందగడ్డలా అయ్యాడు. వెర్నా తలుపు లాగి, లోపల్నుంచి వచ్చిన ఆవిరికి ఒక అడుగు వెనక్కేసింది.

"కూలర్ వేసి కిటికీలు మూసుకున్నావా? మొక్కజొన్నపొత్తులా ఉడుకుతున్నావు. తడిగాలి బయటికెలా పోవాలి, నీ చెవుల్లోంచా?"

శనివారం పొద్దున డీలియా దగ్గర అందరూ కాఫీకి చేరినప్పుడు, వెర్నా ఈ కథ లయల్ ముందే చెప్పింది. చెవుల మాట రెండుసార్లు చెప్పింది. అతనికి ఉడికిన లయల్ అని పేరు పెట్టింది. పిల్లి కూడా చేయని పని అంది. అందరూ పగలబడి నవ్వారు, సిగ్గులేనివాడు అతనూ నవ్వాడు. బిట్టర్ వెల్స్‌లో ఆ పేరు స్థిరపడిపోయింది.

జులై చివర్లో వానగాలి మొదలైంది. ఒక సాయంత్రం దక్షిణం వైపు దుమ్ము గోడలా లేచింది. వెర్నా నీడకి కట్టుకున్న గుడ్డ విప్పి, కుర్చీలు లోపల పడేసి, పక్కకి చూసింది. లయల్ ఊళ్ళోకి పోయాడు. అతని బండికి తగిలించిన గుడ్డపందిరి బారుగా చాపి ఉంది. గాలి తగిలితే అది బండి గోడతో సహా ఊడిపోతుంది. ఊడనీ, బుద్ధొస్తుంది అనుకుంది. రెండు నిమిషాలు అలాగే అనుకుంటూ నిలబడి, తర్వాత బూతులు తిడుతూ వెళ్ళి, బిగుసుకుపోయిన ఆ పందిరిని అరగంట సేపు లాగి లాగి చుట్టింది. తిరిగొచ్చేసరికి దుమ్ము ముంచుకొచ్చింది. కిటికీలన్నీ మూసి, పైకప్పు మూత కూడా దించి, కుర్చీలో కూలబడింది. దుమ్ము వెలిశాక తెరవొచ్చులే అనుకుంది. ఆమె కూలర్ బ్యాటరీ మీద తిరుగుతూనే ఉంది. ఆమె నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి తెల్లారింది. గోడలకు చెమట పట్టింది. లేవబోతే కాళ్ళు తన మాట వినలేదు, కింద పడింది. తల పక్కనే మూసిన కిటికీ కనిపిస్తోంది. విషయం అర్థమైంది. అర్థం కాగానే ఆమెకు ముందు చావు భయం వేయలేదు, సిగ్గు వేసింది. ఎవరైనా వచ్చేలోగా ఆ కిటికీ తెరవాలనుకుంది. చేయి లేవలేదు. అంతలో పక్కన జనరేటర్ మొదలైంది. ఆరయిందన్నమాట. నోరు తెరిచింది, నాలుక కదల్లేదు. జనరేటర్ అలా మోగుతూనే ఉంది, ఆపమనే దిక్కు లేదు.

కళ్ళు తెరిచేసరికి లయల్ పందిరి కింద, అతని తివాచీ మీద, తడి తువ్వాళ్ళలో ఉంది. అతను ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"నా ఇంట్లోకి ఎవడు రమ్మన్నాడు నిన్ను?" అంది వెర్నా, గొంతు పెగిలాక.

"పావుగంట నడిచింది జనరేటరు. మీరు తిట్టలేదండీ," అన్నాడు.

ఆమె తల తిప్పి తన బండి వైపు చూసింది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, పైకప్పు మూత కూడా. మూసి ఉన్నాయని చూసిన మనిషే వాటిని తెరిచాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని కాచుకుంది. అతను చెంచా కడిగి పక్కన పెట్టాడు.

"మీ కూలర్ మోటారు పోయినట్టుందండీ," అన్నాడు.

మోటారు పోలేదు. ఇక్కడికి వినబడేంతగా శుభ్రంగా తిరుగుతోంది.

ఆ మాట ఆమెను ఎండకన్నా ఎక్కువ కాల్చింది. మూడు రోజులు మంచం మీద పడుకుని దాన్నే తలుచుకుంది. పదకొండేళ్ళు ఎవరి జాలీ తన గడప తొక్కనివ్వలేదు. చివరికి వాగులో బండి నిలిపిన వెధవ వచ్చి, అడక్కుండానే ఇంత జాలి ముష్టి వేసి పోయాడు. అతను నవ్వి ఉంటే ఎదురు తిట్టేది, సరిపోయేది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ ముష్టి తీసుకున్నట్టే. విప్పితే ఎడారి సంగతి తనకొక్కదానికే తెలుసన్న పేరు పోతుంది. పేరు పోతే పోయిందనుకోవడానికి ఆమెకు ఆ మూడు రోజులూ పట్టాయి.

శనివారం డీలియా దగ్గరికి ఆమె వెళ్ళేసరికి లయల్ అప్పటికే చెప్పేస్తున్నాడు, మోటార్లు ఈ మధ్య నాసిరకంగా వస్తున్నాయని.

"ఆపవయ్యా," అంది వెర్నా గుమ్మంలోంచే. "తివాచీలు అమ్మి బతికిన మొహానివి, అబద్ధం కూడా అతికేలా చెప్పలేవు. మోటారు బంగారంలా ఉంది. కూలర్ వేసి కిటికీలు మూసుకుని పడుకున్నాను. నేనే."

ఎవరూ నవ్వలేదు. అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు. డీలియా లేచి ఆమె కోసం కుర్చీ లాగింది, ముసలిదానికి లాగినట్టు, మెల్లగా. వెర్నాకు ఒళ్ళు మండింది.

"ఏం, ఇతను చేస్తే పడి పడి నవ్వారుగా. ఇప్పుడు నోళ్ళు పడిపోయాయా?"

లయల్ ఆమె మొహంలోకి చూశాడు. కాసేపు ఆలోచించాడు. అతను దేన్నయినా ఆలోచించడం వెర్నా చూడటం అదే మొదటిసారి.

"పిల్లి కూడా చేయదండీ ఆ పని," అన్నాడు. "ఇంతకీ తడిగాలి ఎలా పోయిందండీ, చెవుల్లోంచా? ఉడికిన వెర్నా గారూ."

డీలియా ముందు నవ్వింది, తర్వాత అందరూ. గట్టిగా, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వెర్నా డీలియా లాగిన కుర్చీ వదిలేసి వేరే కుర్చీలో కూర్చుని, నా కాఫీ ఏదని అడిగింది. అన్ని రోజుల తర్వాత అప్పుడు ఆమెకు ఊపిరాడింది.

ఎర్రగుడ్డతో ఆమె ఇప్పటికీ పొయ్యే తుడుస్తుంది. సెప్టెంబరులో లయల్ బండి మీద సోలార్ పలకలు బిగించుకున్నాడు, నాలుగు. పెద్ద బ్యాటరీలు కూడా పెట్టుకున్నాడు. ఇక నీకు ఆ మోత మిషన్‌తో పనిలేదు కదా అని డీలియా అడిగితే, పనిలేదన్నాడు. ఆ మాట వెర్నా చెవిన కూడా పడింది.

మర్నాడు పొద్దున ఆరింటికి జనరేటర్ మోగింది. వెర్నా కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, అతని బండి కప్పు మీద మెరుస్తున్న నాలుగు పలకల్నీ చూసింది. మోత నడుస్తూనే ఉంది. లయల్ దాని పక్కనే కుర్చీ వేసుకుని, వేడి కాఫీ తాగుతూ, ఇటే చూస్తున్నాడు. ఆమె కిటికీ మొత్తం తోసి, వాళ్ళ అమ్మనీ, తివాచీలనీ, ఇండియానానీ కలిపి, ఎప్పుడూ తిట్టేదానికన్నా బారుగా తిట్టింది.

"గుడ్ మార్నింగ్ వెర్నా గారూ," అని అతను లేచి జనరేటర్ ఆపేశాడు.