ఉత్తరీయం కింద ఎడమ చెయ్యి

మా ముత్తాతగారు ఏడూళ్లకు మిరాశీదారు. ఆయన గుర్రం మీద వస్తుంటే పత్తి చేలో వంగినవాళ్లు నడుము లేపి నిలబడేవారట. తాతగారు తాలూకా బోర్డు మెంబరు. ఆయనకు గుర్రం లేదు గాని గుర్రపుశాల ఉండేది, అందులో వేరుశనగ చెక్క బస్తాలు ఉండేవి. నాన్నగారు మా ఊరి సహకార సంఘం ఎన్నికల్లో రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ నిటారుగానే ఓడిపోయారు. నాకు డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో, ఇంత వంశానికీ మిగిలిన గౌరవం ఒక్కటే. శ్రీరామనవమికి తలంబ్రాలను గుర్రం మీద గుడికి తెచ్చేటప్పుడు కళ్లెం పట్టి నడిపించేది మా ఇంటి మగవాడు. గుర్రం అద్దెది, తలంబ్రాలు ఊరివి, పట్టే చెయ్యి మాత్రం మాది. మా హాల్లో ముత్తాతగారి నిలువెత్తు ఫోటో ఉండేది. అందులో ఆయన ఎడమ చేతిని ఉత్తరీయం కింద దాచుకుని నిలబడి ఉంటారు. దొరతనం అంటే అదేనని మేమంతా అలాగే ఫోటోలు దిగేవాళ్లం. (ఏడో తరగతి గ్రూపు ఫోటోలో నా ఎడమ చెయ్యి చొక్కాలో ఉంటుంది. కడుపునొప్పా అని మాస్టారు అడిగారు.)

ఆ ఏడు నాన్నగారి మోకాళ్లు మొరాయించాయి. గుడి కమిటీ ప్రెసిడెంటు, ట్రాక్టర్ల షోరూము ఆయన, ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "కిందటేడు గుర్రం బెదిరి జనం మీదకి పోబోయిందండి. ఈసారి ట్రాలీ ఆటోలో తెచ్చేద్దాం. బ్రహ్మాండంగా పూలు కట్టిస్తాను" అన్నాడు. "మావాడు పడతాడు" అన్నారు నాన్నగారు. "అబ్బాయికి గుర్రాల సంగతి తెలుసాండీ?" "రక్తంలో ఉంది." ప్రెసిడెంటు నా వైపు చూశాడు. నా రక్తంలో టైఫాయిడు తప్ప మరేమీ లేదని ఆ నెలలోనే ల్యాబువాళ్లు తేల్చారు. "చీరాల రోడ్డులో గుర్రాల డాక్టరమ్మ ఉంది. గుర్రమూ ఆవిడ దగ్గర్నుంచే వస్తుంది. ఆవిడ సరేనంటే నాకూ సరే. కాదంటే ఆటోనే. ఒకసారి ఆటో అయిందంటే ఇక ఏటా ఆటోనేనండి" అని లేచి వెళ్లిపోయాడు. నాన్నగారు ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

డాక్టరమ్మ రిటైరైన పశువుల డాక్టరు. పెళ్లి ఊరేగింపుల్లో వయసైపోయిన గుర్రాలను చేరదీసి, వాలంటీర్లను పెట్టుకుని సాకుతుండేది. నేను ఇస్త్రీ పంచె, ఉత్తరీయం, కిర్రుచెప్పులతో వెళ్లాను. ఆవిడ నా పాదాలు చూసి, "బూట్లు వేసుకుని రా అబ్బాయ్. అది కాలు తొక్కేటప్పుడు మీ తాత ఎవరని అడగదు" అంది. మర్నాడు బూట్లతో వెళ్లి బుల్లెమ్మ అనే తెల్ల గుర్రం దగ్గరికి వెనకనుంచి నడిచాను. ఆవిడ నా ఉత్తరీయం పట్టుకుని ఆపేసింది.

"దానికి వెనకున్నది కనపడదు. పక్కనుంచి, భుజం వైపుగా వెళ్లు. వెళ్తూ ఏదో ఒకటి మాట్లాడు."

"మా ఇంట్లో గుర్రాలతో మాట్లాడే ఆనవాయితీ లేదండి."

"చెప్పకుండా వచ్చినవాళ్లను తన్నే ఆనవాయితీ దానికుంది."

మాట్లాడమంటే ఏం మాట్లాడను? నాకు కంఠతా వచ్చింది మా వంశచరిత్ర ఒక్కటే. "మా ముత్తాతగారు ఏడూళ్లకు మిరాశీదారు" అని మొదలుపెట్టాను. బుల్లెమ్మ ఒక చెవి నా వైపు తిప్పింది. తాలూకా బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆవులించింది. అంత మర్యాదగా మా చరిత్ర విన్నవాళ్లు అంతకుముందు లేరు గనక రోజూ చెప్పాను. పేడ ఎత్తుతూ, మేత వేస్తూ కూడా చెప్పాను.

చిక్కల్లా తాడు దగ్గర వచ్చింది. కళ్లెం తాడు మిగులును ఎడమ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోవడం మా ఇంటి పద్ధతి. నాన్నగారు చేంతాడును కుర్చీ చేతికి కట్టి మరీ నేర్పించారు. డాక్టరమ్మ అది చూసి చుట్లు విప్పేసింది. "మడతలు పెట్టి అరచేతిలో పట్టుకో. అది పరిగెత్తితే పోవాల్సింది తాడు, నీ చెయ్యి కాదు. వేళ్లు ఊడినవాళ్లను చూశాను నేను."

"చుట్టుకుంటేనే గుర్రం మన మాట వింటుందని మా నాన్నగారు..."

"అయితే మీ నాన్నగారికి ఆటో మంచిది" అంది. ప్రెసిడెంటుతో కూడా అదే చెప్పింది. చుట్టుకోకపోతే నడిపించనివ్వండి, చుట్టుకుంటే ఆ క్షణమే గుర్రాన్ని వెనక్కి తీసుకుపోతానని.

నవమి నాడు నాన్నగారు మా అరుగు మీద కుర్చీ వేయించుకుని, నా ముఖం కాదు, మణికట్టు చూస్తూ కూర్చున్నారు. ఎదురుగా డాక్టరమ్మ కూడా అదే చూస్తోంది. సరిగ్గా మా ఇంటి ముందుకు రాగానే డీజే పెట్టె గుండెలదిరేలా మోగింది. బుల్లెమ్మ తల పైకెత్తింది. "చుట్టుకోరా" అన్నారు నాన్నగారు, వీధి వీధంతా వినేట్టు. నా చెయ్యి దానంతటదే ఒక చుట్టు తిప్పింది. అంతలో ఎవరో టపాకాయల సరం అంటించారు. ఎలా విప్పానో తెలియదు, విప్పాను. బుల్లెమ్మ గిర్రున తిరిగింది, తాడు అరచేతిని కాలుస్తూ జారింది, కొస మాత్రం మిగిలింది. తలంబ్రాల పళ్లెం ఒక పక్కకు ఒరిగింది. పిల్లలను వెనక్కి లాగుతున్నారు. ఇంకేమీ తోచక, "మా ముత్తాతగారు ఏడూళ్లకు మిరాశీదారు" అన్నాను గట్టిగా. చెవి తిరిగింది. దాని భుజం దగ్గరికి నడుస్తూ ఆయన గుర్రం గురించి, పత్తి చేల గురించి చెప్పాను. తాలూకా బోర్డు దగ్గర బుల్లెమ్మ ఆగి, ఊరందరి ముందూ ఆవులించింది. వీధిలో నవ్వని మనిషి లేడు, ఒక్క నాన్నగారు తప్ప. తలంబ్రాలు వేళకు గుడి చేరాయి.

ఇంటికొచ్చి ఆయన ముందు నిలబడ్డాను. తిట్టలేదు. కమిలిన నా అరచేతిని తెరిచి చూసి, గోడ మీది ఫోటో వైపు తలతిప్పి, "మీ ముత్తాతగారి ఆ చేతికి మూడు వేళ్లేరా" అన్నారు. "ఉత్తరీయం అందుకే."

"మరి నన్ను చుట్టుకోమన్నారేం?"

"మా నాన్న నన్ను చుట్టుకోమన్నారు."

"మీరు చుట్టుకునేవారా?"

ఆయన వీధి వైపు తిరిగారు. "జనం చూస్తున్నంతసేపూ. సందు తిరగ్గానే విప్పేసేవాణ్ణి" అన్నారు.

నాన్నగారు లేరు, బుల్లెమ్మా లేదు. ఇప్పుడు ఆదివారాల్లో డాక్టరమ్మ శాలకు వెళ్లి, కొత్తగా వచ్చిన వాలంటీర్ల మణికట్ల నుంచి తాడు విప్పుతుంటాను. గుర్రంతో ఏం మాట్లాడాలని అడుగుతారు. మీ ఇంట్లోవాళ్ల గురించి చెప్పండి, వింటుంది అంటాను. ఫోటో తీస్తామంటే మాత్రం నా ఎడమ చెయ్యి, అయిదు వేళ్లతో సహా, ఇప్పటికీ చొక్కాలోకి పోతుంది.

మా తాతగారి గుర్రపుశాలను ఆ నవమి మరుసటేడే అమ్మేశాం. కొన్న ఆయన దాన్ని పడగొట్టి మిర్చి బస్తాలకు షెడ్డు వేసుకున్నాడు.